పుస్తకం తప్పుచోట పెడితే వచ్చే దెయ్యం: ఖిదిర్‌పూర్ పొరుగున యువ గ్రంథపాలకుల ఆట, ఊహ, చెలిమి

గ్రంథాలయాల చరిత్ర రాయడానికి కాగితాలకు కొదవ లేదు. స్థాపన తేదీలు, శంకుస్థాపన చేసిన పెద్దల పేర్లు, పుస్తకాల లెక్కలు, చట్టాలు, తీర్మానాలు భద్రంగానే ఉంటాయి. ఆ అలమరల మధ్య పనిచేసిన కుర్రకారు ఒకరినొకరు ఎలా ఆటపట్టించుకున్నారో, రోజంతా సాగే ఒకే రకం పనిని ఏ ఊహతో తేలిక చేసుకున్నారో మాత్రం వార్షిక నివేదికల్లోకి ఎక్కదు. నవ్వుకు కాల్ నంబరు వేసే ఆచారం లేదు.

ఆ ఆట, ఆ చెలిమి ఎక్కడైనా ఆనవాలు వదిలాయా? వదిలితే వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే. క్షేత్రం కలకత్తాలోని ఖిదిర్‌పూర్, దాని పొరుగున ఉన్న జాతీయ గ్రంథాలయం. పోలిక కోసం ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమాన్ని, మద్రాసును కూడా తీసుకున్నాను. దొరికిన ఆధారాలను బట్టి నేను చేస్తున్న ప్రతిపాదన ఇది: యువ గ్రంథపాలకుల ఆట దస్తావేజుల్లో కన్నా వాళ్లు తయారుచేసిన వస్తువుల్లో ఎక్కువగా మిగిలింది. ఒక కథ, ఒక పత్రిక, ఒక పడవ, ఒక వర్గీకరణ పద్ధతి అలాంటివే. పదిమంది కలిసి ఊహించిన చోట ఆ ఊహ తరచుగా గ్రంథాలయానికి రాలేని పాఠకుడి వైపు నడిచింది.

ఆధారాలను మూడు తరగతులుగా విడదీశాను. మొదటిది ఆ కాలంలోనే అచ్చయినవి, సంస్థల రికార్డుల్లో చేరినవి. రెండోది ఆ వ్యక్తులు తరువాత స్వయంగా చెప్పుకున్నవి. మూడోది నోటిమాటగా తిరిగే కథలు. మూడో తరగతిని కొట్టిపారేయలేదు. జరిగిన సంఘటనకు సాక్ష్యంగా వాడకుండా, చెప్పినవాళ్ల మనసుకు సాక్ష్యంగా మాత్రమే వాడాను.

రేవు పక్క కవుల పేట

ఖిదిర్‌పూర్ అనగానే ఓడలు, క్రేన్లు, గిడ్డంగులు గుర్తొస్తాయి. ఇక్కడి డాక్ 1892లో మొదలైంది. పక్కనే గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండేది. ఇప్పుడది ఆగ్నేయ రైల్వే. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తెలుగువాళ్లు కూలీలుగా, గుమాస్తాలుగా, రైల్వే ఉద్యోగులుగా కలకత్తా, ఖరగ్‌పూర్‌ల వైపు వచ్చిన దారి ఈ రైలుమార్గమే.

బెంగాలీ పాఠకులు ఈ పేటను మరో పేరుతో కూడా పిలుచుకుంటారు. మైకేల్ మధుసూదన్ దత్తు చదువుకునే రోజుల్లో ఇక్కడే ఉన్నాడు. రంగలాల్ బంద్యోపాధ్యాయ, హేమచంద్ర బంద్యోపాధ్యాయ ఇక్కడివారే. ముగ్గురు కవులకు ఆశ్రయమిచ్చిన చోటు కనుక ఇది కవితీర్థమైంది, ఒక వీధికి కూడా ఆ పేరే పెట్టారు. రేవు కూలీలూ కావ్యకర్తలూ ఒకే పేటలో మసలిన చోటు ఇది.

ఖిదిర్‌పూర్‌కు తూర్పున ఆనుకుని ఆలీపూర్ ఉంది. అక్కడ జంతుప్రదర్శనశాల సమీపంలో, బెల్వెడేర్ తోటలో జాతీయ గ్రంథాలయం నడుస్తోంది. డాక్ పేట నుంచి నడిచి వెళ్లగల దూరం. ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ల నివాసమైన ఈ భవనం స్వాతంత్ర్యం తరువాత పుస్తకాలకు ఇల్లయింది. 1948లో చట్టం చేసి ఇంపీరియల్ లైబ్రరీ పేరును జాతీయ గ్రంథాలయంగా మార్చారు. 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని ప్రజలకు తెరిచారు. అప్పటి గ్రంథపాలకుడు బి.ఎస్. కేశవన్. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం వల్ల దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి ఇక్కడికి చేరాలి. తెలుగు పుస్తకాలకు ఇక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. విజయవాడలోనో హైదరాబాదులోనో అచ్చయిన నవల ఖిదిర్‌పూర్ పొరుగున అలమర ఎక్కుతుందంటే దాని వెనుక ఒక చట్టమూ, ఆ పుస్తకాన్ని విప్పి, ముద్ర వేసి, నంబరు రాసి, సరైన అరలో నిలబెట్టే కొన్ని చేతులూ ఉన్నాయి. నా పరిశీలన ఆ చేతుల మీదే.

దెయ్యం చేసే అలమర తనిఖీ

జాతీయ గ్రంథాలయం గురించి కలకత్తాలో ఎవరిని కదిపినా ఒక దెయ్యం కథ వస్తుంది. పత్రికలు, టీవీ చానళ్లు వేసే దెయ్యాల కొంపల జాబితాల్లో దీనికి స్థిరమైన చోటుంది. బెల్వెడేర్ భవనంలో లేడీ మెట్కాఫ్ ఆత్మ తిరుగుతుందట. ఆమెకు శుభ్రత పిచ్చి. పుస్తకం తీసి తిరిగి దాని చోట పెట్టకపోతే మెడ వెనుక ఆమె ఊపిరి తగులుతుందట. ఇది మూడో తరగతి ఆధారం. దెయ్యం ఉందా లేదా అన్నది మన ప్రశ్న కాదు. ఈ కథ ఎవరి నోట పుట్టి ఉండవచ్చు అన్నదే ప్రశ్న.

మొదట పేరు చూద్దాం. చార్లెస్ మెట్కాఫ్ 1835-36లో తాత్కాలిక గవర్నర్ జనరల్. పత్రికల మీది ఆంక్షలు ఎత్తేసినవాడు. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ మొదలైనప్పుడు ఫోర్ట్ విలియం కాలేజీ గ్రంథాలయం నుంచి 4,675 సంపుటాలను దానికి బదిలీ చేయించాడు. ఆయన గౌరవార్థం స్ట్రాండ్ రోడ్డులో కట్టిన మెట్కాఫ్ హాలులోకి 1844లో ఆ గ్రంథాలయం చేరింది. 1903 జనవరి 30న వైస్రాయి కర్జన్ ఆ గ్రంథాలయాన్ని కలుపుకొని ఇంపీరియల్ లైబ్రరీని తెరిచింది కూడా ఆ హాలులోనే. ఇక మెట్కాఫ్ భార్య సంగతి. ఆయనకు పంజాబీ సిక్కు మహిళ వల్ల ముగ్గురు కొడుకులున్నారు. ఇంగ్లీషు రివాజు ప్రకారం పెళ్లి మాత్రం చేసుకోలేదు. లేడీ మెట్కాఫ్ అనే బిరుదుతో ఆయన ఇంట్లో దొరసాని ఎవరూ లేరు. అంటే ఈ దెయ్యానికి బతికిన కాలమే లేదు. కథ కట్టినవాళ్లు ఆమెను మొదటినుంచీ దెయ్యంగానే సృష్టించారు.

రెండోది చోటు. బెల్వెడేర్ భవనానికి సొంతంగా రక్తసిక్తమైన చరిత్ర ఉంది. 1780 ఆగస్టు 17న గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, ఆయన కౌన్సిల్ సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం చేసుకున్నది ఈ పరిసరాల్లోనే. ఫ్రాన్సిస్ గాయపడ్డాడు. ఇంటికి దెయ్యం కావాలంటే ఇంతకన్నా తగిన సరుకు దొరకదు. అయినా కథ పట్టుకున్నది మెట్కాఫ్ పేరును. ఆ పేరు గ్రంథాలయానికి అంటుకున్నది పాత భవనం వల్ల. గ్రంథాలయం మెట్కాఫ్ హాలు నుంచి 1923లో ఎస్ప్లనేడుకు, యుద్ధకాలంలో జబాకుసుమ్ హౌస్‌కు, చివరికి బెల్వెడేర్‌కు మారింది. పుస్తకాలతో పాటు పేరు కూడా మూటలో వచ్చిందని అనుకోవడం అసంగతం కాదు. ఈ కథలో మిగిలింది భవనం జ్ఞాపకం కన్నా గ్రంథాలయం జ్ఞాపకమే అన్నది నా మొదటి అనుమితి.

మూడోది, అన్నిటికన్నా బలమైనది, దెయ్యానికి కోపం తెప్పించే నేరం. దొంగతనానికి, హత్యకు, అపవిత్రతకు పగబట్టే దెయ్యాలు మన కథల్లో కావలసినన్ని. పుస్తకం తప్పు అరలో పెట్టినందుకు ఊపిరి వదిలే దెయ్యం అరుదు. ఆ తప్పు ఎంత పెద్దదో గ్రంథాలయంలో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. ఇరవై లక్షలకు పైగా సంపుటాలున్న చోట ఒక పుస్తకం రెండు అరల అవతలికి జరిగితే అది పోయినట్టే. కేటలాగులో ఉంటుంది, చేతికి రాదు. పైగా జాతీయ గ్రంథాలయంలో పుస్తకాలు చాలావరకు పాఠకుడు నేరుగా వెళ్లే చోట ఉండవు. అతను స్లిప్పు రాసి ఇస్తే సిబ్బంది స్టాక్ గదిలోంచి తెచ్చి ఇస్తారు. తిరిగి పెట్టేదీ వాళ్లే. అలాంటి చోట తప్పు అరలో పెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నది సిబ్బందికే. అందువల్ల ఈ దెయ్యం మొదటి శ్రోతలు పాఠకులు కాకపోవచ్చు. కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్లు కావచ్చు. పాతవాళ్లు కొత్తవాళ్లను భయపెట్టి, నవ్వించి, అలమర క్రమశిక్షణ నేర్పే పద్ధతిగా చూస్తే కథలోని అన్ని ముక్కలూ అతుకుతాయి.

దీనికి ఎదురువాదం ఉంది. పఠన మందిరంలో పాఠకులే తీసుకునే సంప్రదింపు గ్రంథాల అరలు ఉంటాయి గనుక హెచ్చరిక వాళ్లకూ వర్తించవచ్చు. పాత దొరల బంగళాలన్నిటికీ ఒక దొరసాని దెయ్యాన్ని అంటగట్టడం కలకత్తాలో అలవాటే. కాబట్టి కథ సిబ్బందిలోనే పుట్టిందని రుజువైందని అనను. మిగతా వివరణలకన్నా ఇది ఎక్కువ వివరాలకు సరిపోతుందని మాత్రం అంటాను.

పోలిక కోసం మరో సంఘటన ఉంది. భాషా భవన్ అనే కొత్త కట్టడంలోకి పుస్తకాలు మారాక భారత పురావస్తు శాఖ బెల్వెడేర్ భవనాన్ని మరమ్మతు చేస్తూ వచ్చింది. 2010లో కింది అంతస్తులో తలుపులు, కిటికీలు లేని భాగం ఒకటి బయటపడింది. సుమారు వెయ్యి చదరపు అడుగులు. చిత్రహింసల గది అన్నారు, నిధి అన్నారు, అస్థిపంజరాలు ఉంటాయన్నారు. మరుసటి ఏడాది పరిశీలిస్తే అంతా మట్టి. కట్టడానికి దన్నుగా నింపినది. బయటివాళ్ల ఊహకు ఆ ఇంట్లో నిధులు, నెత్తురు కనిపించాయి. అలమర కథకు మాత్రం కనిపించింది చెదిరిన వరస. రెండు ఊహలూ రెండు వేర్వేరు మనుషులవని ఈ తేడా సూచిస్తుంది.

ఇద్దరు స్నేహితులు, ఒక పత్రిక

నోటికథ నుంచి అచ్చు ఆధారానికి వస్తే, ఇదే గ్రంథాలయపు వంశవృక్షంలో మొదటి తరం మనిషి ప్యారీచంద్ మిత్ర. 1814లో పుట్టాడు. హిందూ కాలేజీ విద్యార్థి. అక్కడి అధ్యాపకుడు డిరోజియో ప్రభావంలో పెరిగిన ‘యంగ్ బెంగాల్’ కుర్రకారులో ఒకడు. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ మొదలైనప్పుడు ఉప గ్రంథపాలకుడిగా చేరాడు. అప్పటికి ఇరవై రెండు నిండలేదు. 1848లో గ్రంథపాలకుడయ్యాడు.

ఆయన సావాసగాడు రాధానాథ్ సిక్దార్ సర్వే శాఖలో గణకుడు. తరువాత ఎవరెస్టుగా పేరు పడిన శిఖరం ఎత్తు లెక్కగట్టిన పనిలో ఆయన పేరు ప్రసిద్ధం. ఈ ఇద్దరూ కలిసి 1854లో ‘మాసిక్ పత్రిక’ పెట్టారు. పండితుల సంస్కృత బెంగాలీని పక్కనబెట్టి, ఇంట్లో ఆడవాళ్లు చదివి అర్థం చేసుకునే మాటల్లో దాన్ని నడిపారు. తెలుగులో గురజాడ, గిడుగు వాడుక భాష కోసం పట్టుబట్టడానికి దశాబ్దాల ముందు సంగతి ఇది. ఆ పత్రికలోనే ప్యారీచంద్ ‘టేక్‌చాంద్ ఠాకూర్’ అనే మారుపేరుతో ‘ఆలాలేర్ ఘరేర్ దులాల్’ ధారావాహికగా రాశాడు. 1858లో పుస్తకమైంది. గారాబంతో చెడిన పెద్దింటి కుర్రవాడి కథ. బెంగాలీ నవలకు తొలి అడుగుల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. వీధి మాటలు, కచేరీ మాటలు కలగలిసిన ఆ భాషకు నవల పేరు మీదే ‘ఆలాలీ భాష’ అన్న పేరు నిలిచింది.

ఇక్కడ ఆధారం మొదటి తరగతిది. పత్రిక ఉంది, నవల ఉంది, మారుపేరు ఉంది. అందులో ఆట ఎంత? మారుపేరు ఒక్కటే ఆటకు రుజువు కాదు. ఆ కాలంలో పరువు కోసం, జాగ్రత్త కోసం కూడా మారుపేర్లు పెట్టుకునేవారు. కానీ మూడు విషయాలు కలిపి చూడాలి. పత్రిక ఇద్దరు స్నేహితుల సొంత పూనిక, ఉద్యోగపు పని కాదు. ఎంచుకున్న భాష పెద్దలు చిన్నచూపు చూసినది. రాసిన కథ నవ్వు పుట్టించేది. పై అధికారి అడగని పని, తోటివాడితో కలిసి చేసిన పని, నవ్వుతో చేసిన పని అన్న మూడు లక్షణాలూ ఒకచోట చేరాయి. వయసు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. 1854 నాటికి ఇద్దరూ నలభయ్యో పడి అంచున ఉన్నారు. కాబట్టి దీన్ని కుర్రతనపు చేష్టగా లెక్కించడం సరికాదు. కుర్రతనంలో కుదిరిన చెలిమి నడివయసులో కాసిన కాపుగా లెక్కించాలి.

గమనించాల్సింది ఇంకొకటుంది. కలకత్తా పబ్లిక్ లైబ్రరీ చందాలు, విరాళాలు ఇచ్చినవాళ్ల సంస్థ. దాని మెట్లు ఎక్కగలిగిన ఆడవాళ్లు ఆనాడు దాదాపు లేరు. దాని ఉద్యోగి ఆ మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం పత్రిక రాశాడు. ఊహ పాఠకుడి వైపు నడిచిందని నేననడానికి ఇది మొదటి ఆధారం.

ఆంధ్ర కుర్రకారు: సంఘాలు, యాత్రలు, పడవలు

రెండో ఆధారం మన దగ్గర ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాలవాళ్లు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ పుట్టింది. దాని వెనుక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి ఇరవై మూడేళ్లు. అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ప్రహసనాలతో ఆంధ్రదేశాన్ని నవ్వించిన రచయిత. ఆనాటి సభ నవ్వుల్లో మునిగిందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ కొత్త ఉద్యమానికి పీఠం మీద కూర్చోబెట్టడానికి ఆ యువకులు హాస్యరచయితను కోరుకున్నారన్నది రికార్డు.

వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనాన్ని మొదలుపెట్టింది హిందూ యువజన సంఘం. ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి దానికి పునాది. పదకొండేళ్లకు, 1929లో, దాని కొత్త భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆ వరస చూడండి: మొదట ఊరి కుర్రవాళ్ల సంఘం, తరువాత పుస్తకాలు, ఆ తరువాత భవనం, పెద్దలు. చాలా ఊళ్లలో గ్రంథాలయం పుట్టింది ఇలా స్నేహబృందంగానే.

ఈ ఉద్యమం ప్రచారానికి ఎంచుకున్న రూపాలు చూస్తే ఊహ పాలు ఇంకా స్పష్టమవుతుంది. హరికథలు, బుర్రకథలు చెప్పించారు. కాశీయాత్రలు, తిరుపతి యాత్రలు తెలిసిన జనానికి గ్రంథాలయ యాత్రలు చూపించారు. భక్తి రూపాన్ని పుస్తకానికి తొడిగిన ఈ పనిలో పుణ్యమూ ఉంది, కొంటెతనమూ ఉంది.

అన్నిటికన్నా మంచి ఉదాహరణ పడవ. గుంటూరు జిల్లా పెదపాలెం వాడైన పాతూరి నాగభూషణం 1935లో కాలువ పడవల్లో గ్రంథాలయం మొదలుపెట్టాడు. ఆయనకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. కృష్ణా డెల్టాలో పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది. ఒడ్డున మనుషులు తాడు లాగుతుంటే నెమ్మదిగా కదిలే పడవలో ప్రయాణికుడికి కబుర్లు, కునుకు తప్ప పని లేదు. ఆ ఖాళీ గంటలను ఒక పఠన మందిరంగా చూడగలగడమే ఇక్కడి ఊహ. కొత్త భవనం అక్కర్లేదు, స్థలం అక్కర్లేదు. ఎటూ తప్పించుకోలేని పాఠకులు పడవలోనే కూర్చుని ఉన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, తమిళనాట మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు ఊరూరా తిరిగాయి. బరోడా సంస్థానంలో అంతకుముందే పుస్తకాల పెట్టెలు పల్లెలకు వెళ్లేవి. కాబట్టి కదిలే గ్రంథాలయం అనే ఆలోచన ఒక్కరి సొత్తు కాదు. స్థానిక వాహనాన్ని, స్థానిక తీరికను కలిపి చూసిన చూపు మాత్రం పెదపాలెం వాళ్లది.

ఈ ఆంధ్ర ఉత్సాహానికి ఖిదిర్‌పూర్ వైపు తిరిగిన దారి కూడా ఉంది. 1924 డిసెంబరులో బెల్గాం కాంగ్రెసు సమయంలో అఖిల భారత గ్రంథాలయ సభ జరిగింది. చిత్తరంజన్ దాస్ అధ్యక్షుడు. ఆంధ్ర కార్యకర్తలు నడిపించిన ఆ వేదిక నుంచి ప్రేరణ తీసుకుని వెళ్లిన బెంగాలీలు మరుసటి ఏడాది, 1925 డిసెంబరు 20న, అఖిల బెంగాల్ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు రవీంద్రనాథ్ ఠాగూర్. 1928లో కలకత్తాలో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు ఇచ్చిన ప్రసంగంలో ఠాగూర్ గ్రంథపాలకుణ్ణి కాపలాదారుగా కాక అతిథులను ఆదరించే గృహస్థుగా చూశారు. పుస్తకాలు పోగేయడం కన్నా పాఠకుణ్ణి పిలవడం గొప్ప అన్నది ఆ ప్రసంగ సారం. పెదపాలెం పడవ బయల్దేరింది ఆ తరువాత ఏడేళ్లకు. ఒకటి రెండోదానికి కారణమని నేననడం లేదు. ఇద్దరూ ఒకే లోటును చూశారు అంటున్నాను.

ఆటబొమ్మ, ఒంటరి పండితుడు

ఆట, చెలిమి, ఊహ ఎప్పుడూ కలిసే ఉంటాయా? రెండు ఉదాహరణలు ఈ ప్రతిపాదనకు హద్దు గీస్తాయి.

మొదటిది ఎస్.ఆర్. రంగనాథన్. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరినప్పుడు ఆయనకు ముప్పై ఒకటి. గణిత బోధన వదిలి వచ్చి, కొత్త పనిలో విసుగు పుట్టి, తిరిగి పాఠాలు చెప్పుకోవడానికి పంపమని అడిగారు. ముందు లండన్ వెళ్లి చదువు, తరువాత చూద్దామని పైవాళ్లు అన్నారు. లండన్‌లో సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో మెక్కానో బొమ్మల పెట్టె చూపిస్తున్నారు. అవే పట్టీలు, అవే మరలు. వాటితో ఒక్కోసారి ఒక్కో బొమ్మ. విషయాలను కూడా ముందే కట్టిన గదుల్లో కూర్చోబెట్టకుండా, ముక్కలు చేసి కావలసినట్టు కలపవచ్చన్న ఆలోచన అప్పుడు తట్టిందని ఆయనే తరువాత చెప్పుకున్నారు. 1933లో వచ్చిన ద్విబిందు వర్గీకరణకు మూలం అదే. ఇది రెండో తరగతి ఆధారం. మనిషి తన కథ తాను చెప్పుకునేటప్పుడు కొంత చక్కదిద్దుతాడన్న జాగ్రత్తతోనే తీసుకోవాలి. అయినా ఆటవస్తువు నుంచి పద్ధతి పుట్టిందని ఇంత నేరుగా చెప్పిన ఉదాహరణ మన గ్రంథాలయ చరిత్రలో అరుదు. ఇందులో ఆట ఉంది, ఊహ ఉంది, చెలిమి మాత్రం లేదు.

రెండోది హరినాథ్ దే. 1907లో ఇంపీరియల్ లైబ్రరీకి గ్రంథపాలకుడయ్యాడు. ఆ పదవిలో మొదటి భారతీయుడు. వయసు ఇరవై తొమ్మిది. ముప్పై నాలుగు భాషలు తెలుసని పేరు. 1911లో ముప్పై నాలుగేళ్లకే చనిపోయాడు. ఆయనకు ఊహ, పాండిత్యం కొదవ లేదు. కానీ ఆయన వెనుక తోటి గ్రంథపాలకుల బృందం నడిచిన జాడ లేదు. ఆయన పేరు మిగిలింది, ఆయన ప్రతిభను కొనసాగించే పద్ధతి మిగలలేదు. రంగనాథన్ ఒంటరిగా తట్టిన ఆలోచనను తరువాత శిష్యులతో, సంఘాలతో పద్ధతిగా మార్చారు. హరినాథ్ దేకు ఆ వ్యవధి దక్కలేదు. ఒక్క పోలికతో సూత్రం కట్టలేం. అయినా వ్యక్తి ఊహ సంస్థలో నిలబడాలంటే తోటివాళ్లు కావాలన్న దిశగా ఇది చూపుతోంది.

కలిపి చూస్తే

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెడితే మూడు విషయాలు తేలతాయి.

ఒకటి. ఊహకు అవకాశం దొరికిన చోట్ల నియమాలు ఇంకా గట్టిపడలేదు. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ కొత్తది, 1914లో ఆంధ్ర ఉద్యమం కొత్తది, 1924లో మద్రాసు గ్రంథపాలకుడి పదవి కొత్తది. ఆ పనిలో ఉన్నవాళ్లు ఇరవైల్లోనో ముప్పైల మొదట్లోనో ఉన్నారు. యౌవనం ఒక్కటే కారణమనడానికి మాత్రం ఆధారం చాలదు. వయసూ సంస్థ కొత్తదనమూ కలిసే వచ్చాయి. వాటిని విడదీసి చూడడానికి, పాత సంస్థల్లో కుర్రవాళ్లు, కొత్త సంస్థల్లో పెద్దవాళ్లు చేసిన పనిని పోల్చాలి.

రెండు. నియమాలు గట్టిపడ్డ పెద్ద సంస్థలో ఊహ పోలేదు, మరో రూపం ఎత్తింది. స్లిప్పు, రిజిస్టరు, కాల్ నంబరు శాసించే చోట కొత్త పత్రిక పెట్టే వీలు లేకపోతే అదే నియమాన్ని దెయ్యంగా మార్చి నవ్వుకున్నారు. నా అనుమితి సరైనదైతే లేడీ మెట్కాఫ్ కథ ఉద్యోగుల జానపదం. బడిపిల్లలకు, మిల్లు కార్మికులకు, రైల్వే గార్డులకు ఉన్నట్టే గ్రంథాలయాలకూ పనికథలు ఉంటాయని అది చెబుతుంది.

మూడు. కలిసి చేసిన చోట ఊహ ఎక్కువగా పాఠకుణ్ణి వెతుక్కుంటూ వెళ్లింది. మాసిక్ పత్రిక ఇంటి ఆడవాళ్ల దగ్గరికి, పడవ గ్రంథాలయం కాలువ ప్రయాణికుడి దగ్గరికి, గ్రంథాలయ యాత్ర పల్లె జనం దగ్గరికి వెళ్లాయి. దెయ్యం కథ దీనికి పూర్తిగా లొంగదు. అది పాఠకుణ్ణి పిలవదు, భయపెడుతుంది. అయితే సరైన అరలో ఉన్న పుస్తకమే రేపటి పాఠకుడి చేతికి చేరుతుంది కనుక, వంకరదారిలో దాని ఫలమూ పాఠకుడికే.

ఈ ముగింపులకు ఉన్న హద్దును దాచడం సరికాదు. ఉదాహరణలు కొద్ది, అవీ పేరు పడినవి. విఫలమైన సరదాలు, ఎవరికీ అక్కరకు రాని వేళాకోళాలు చరిత్రకు ఎక్కవు. మనకు మిగిలినవి పాఠకుడికి ఉపయోగపడినవి కావడానికి ఒక కారణం ఉపయోగపడినవే భద్రపడడం కావచ్చు. ఈ అనుమానం నివృత్తి కావాలంటే కొత్తరకం సేకరణ జరగాలి.

ఆ పని కష్టమేమీ కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థల్లో, శాఖా గ్రంథాలయాల్లో, బెల్వెడేర్ తెలుగు విభాగంలో పదవీ విరమణ చేస్తున్నవాళ్లను మూడు ప్రశ్నలు అడగవచ్చు. కొత్తగా చేరినప్పుడు మీకు చెప్పిన కథ ఏది? తోటివాళ్లతో కలిసి, ఎవరూ అడగకుండా మీరు మొదలుపెట్టిన పని ఏది? అది ఏ పాఠకుడి కోసం? పేర్లు మార్చి, సంవత్సరం, ఊరు రాసి ఆ జవాబులను భద్రపరిస్తే, ఇక్కడ అనుమితిగా మిగిలిన మాటలను పదేళ్లలో పరీక్షకు పెట్టవచ్చు. ఆ జవాబుల్లో పాఠకుడి ప్రస్తావన లేని సరదాలే ఎక్కువగా తేలితే నా మూడో నిర్ధారణను వదులుకోవలసిందే. మొదటి రెండూ అప్పటికీ నిలబడతాయని అనుకుంటున్నాను.